లింగ వచన విభక్తులూ మా అమ్మాయీ

ముప్పై మూడేళ్లపాటు పిల్లలకి లింగం, వచనం, విభక్తి చెప్పి రిటైరైన తెలుగు మాస్టారిని నేను. సాయంత్రాలు విజయనగరం అయ్యకోనేరు గట్టున వాకింగ్ చేసే పెద్దమనుషుల్లో సగంమంది నా చేత బెత్తం దెబ్బలు తిన్నవాళ్లే. అలాంటివాణ్ణి పట్టుకుని, దసరా సెలవులకి ఇంటికొచ్చిన కన్నకూతురు, కంచం ముందు కూర్చుని, "జెండర్ అంటే ఏంటో తెలుసా నాన్నా?" అంటే ఎలా ఉంటుందో పాఠకులే ఊహించుకోవాలి.

అమ్మాయి వేరే ఊళ్లో యూనివర్సిటీలో బీయే రెండో ఏడు చదువుతోంది. బీటెక్ చదవమంటే బీయే అంది, సరే అన్నాం. అందులో ఏ ఎకనామిక్సో తీసుకుంటుందనుకుంటే జెండర్ స్టడీస్ తీసుకుంది. సంబంధాల వాళ్లు ఫోన్ చేసి 'అమ్మాయి ఏం చదువుతోందండీ' అంటే మా ఆవిడ 'సోషల్' అని దాటేస్తోంది.

నేను పప్పులో నెయ్యి వేయించుకుంటూ నవ్వాను. (వేసుకుంటూ కాదు, వేయించుకుంటూ. ఈ ప్రేరణార్థకం ముందు ముందు పనికొస్తుంది.)

"మహత్తు, మహతి, అమహత్తు. చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో తేల్చి పారేశాడు. దీనికి మళ్లీ డిగ్రీ ఎందుకే?" అన్నాను.

"మహత్తు అంటే?"

"స్త్రీలూ, పశుపక్ష్యాదులూ, జడపదార్థాలూ కానివి మహత్తులు."

"అంటే మగవాడు ఏది కాడో చెప్పాడు గానీ, ఏమిటో చెప్పలేదన్నమాట."

ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒక్క పిల్లాడూ అడగని ప్రశ్న. నాకు కోపం రాలేదు. పొలమారింది, అంతే. మంచినీళ్లు తాగేలోపు ఇంకోటి మొదలెట్టింది.

"రాముడు?"

"వచ్చాడు."

"సీత?"

"వచ్చింది."

"గేదె?"

"వచ్చింది."

"బొబ్బిలి బస్సు?"

"టైముకి రాదు. వస్తే, వచ్చింది."

"ఒక్క ఆడమనిషి వస్తే గేదె లెక్క, బస్సు లెక్క. అదే ఇద్దరొస్తే?"

"వచ్చారు. బహువచనంలో మహతి, అంటే ఆడమనిషి, మహత్తుతో సమానం" అని అలవాటు కొద్దీ సూత్రం అప్పజెప్పేశాను. ఆ తర్వాత నాలిక్కరుచుకున్నాను. అప్పటికే ఆ పిల్ల ఎడమచేత్తో నోట్సు రాసేసుకుంది.

కాబట్టి ప్రభుత్వంవారికీ, వైస్ ఛాన్సలర్లకీ, ఆడపిల్లల్ని కన్న తోటి తండ్రులకీ ఇందుమూలంగా మనవి చేసుకునేదేమంటే, ఈ చదువు వెంటనే ఆపించాలి. ఏదో ఆవేశంలో అంటున్న మాట కాదు. సెలవులన్నాళ్లూ ఒకే కప్పు కింద ఉండి, స్వయంగా అనుభవించి అంటున్నాను.

మొదట్లో దీన్ని విదేశీ సరుకనుకున్నాను. 1792లో ఇంగ్లండులో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ అనే ఆవిడ ఆడవాళ్ల హక్కుల మీద పుస్తకం రాసిందట. 1949లో ఫ్రాన్సులో సిమోన్ ద బోవార్ అనే ఆవిడ, స్త్రీగా ఎవరూ పుట్టరు, తయారవుతారు అందట. చలిదేశాలు, పొద్దుపోక రాసుకుని ఉంటారని సరిపెట్టుకున్నాను. తీరా చూస్తే 1882లోనే మన పక్కన మరాఠీలో తారాబాయి శిందే స్త్రీపురుషుల తులన అంటూ మగవాళ్లని ఉతికి ఆరేసిందట. 1974లో సాక్షాత్తూ భారత ప్రభుత్వం వేసిన కమిటీయే దేశంలో ఆడవాళ్ల పరిస్థితి మీద పెద్ద రిపోర్టు ఇచ్చిందట. అంటే సరుకు స్వదేశీయే. మరీ ప్రమాదం.

బోవార్ మాటని మా అమ్మ మీద ప్రయోగించి చూద్దామనిపించింది. ఆవిడ వరండాలో అడ్డచుట్ట కాలుస్తోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మా ఉత్తరాంధ్ర పల్లెల్లో పాతకాలపు ఆడవాళ్లు చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అంగిట్లో కేన్సరొస్తుందని డాక్టర్లు ఎన్నేళ్ల నుంచో మొత్తుకుంటున్నారు. గాలికి ఆరిపోదు, చేతులు ఖాళీగా ఉంటాయి, నాట్లేసుకోవచ్చు అని అమ్మ వాదన. నోట్లో నిప్పు పెట్టుకుని, పెదవి విప్పకుండా పనిచేసుకుపోవడమన్నమాట. ఇంత చక్కటి ఆచారం ఉన్నచోట ఫ్రాన్సు వచ్చి కొత్తగా నేర్పేదేముంటుంది?

"స్త్రీగా పుట్టరట, తయారు చేస్తారటమ్మా" అన్నాను ఎగతాళిగా.

అమ్మ చుట్ట తీసింది. "ఎవులన్నారో గానీ నిజిమేరా. నన్ను మాయత్త తయారు సేసినాది. కర్రట్టుకుని." మళ్లీ చుట్ట పెట్టేసుకుంది.

ఇంటి సంగతి ఇలా ఉంటే, ఊరి పరువుకి సంబంధించింది ఇంకోటుంది. ప్రతి సెప్టెంబరు 21న గురజాడవారి విగ్రహానికి దండవేసే బృందంలో నేనూ ఉంటాను. కన్యాశుల్కం మొట్టమొదట 1892లో ఆడింది ఈ ఊళ్లోనే. ఆధునిక స్త్రీ చరిత్రను తిరగరాస్తుంది అన్న ఆయన మాటని నేను సభల్లో కనీసం నలభైసార్లు వాడి ఉంటాను. వాడుకోవడం వేరు. తిరగరాసే మనిషి బ్యాగు తగిలించుకుని సెలవులకి దిగడం వేరు.

"తెలుగులో తొలి కథ ఏది నాన్నా?"

"గురజాడవారి దిద్దుబాటు. 1910."

"భండారు అచ్చమాంబ ధనత్రయోదశి 1902 కదా?"

అది పండితులు తేల్చుకోవాల్సిన విషయం అన్నాను. పండితుణ్ణి నేనేనని గుర్తొచ్చి చొక్కా తగిలించుకుని బయటపడ్డాను. మూడు లాంతర్ల దగ్గర టీకొట్లో మిత్రుల ముందు, గొంతు తగ్గించి, సంగతి చెప్పాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఓ రిటైర్డ్ హెడ్మాస్టరు, "ఎనిమిదేళ్లు ముందొచ్చినంత మాత్రాన తొలి కథ అయిపోతుందా? లేడీస్ ఫస్ట్ అన్నది బస్సుల్లోనండీ, సాహిత్యంలో కాదు" అని తీర్పు చెప్పాడు. అందరం ఊపిరి పీల్చుకుని రెండో టీ చెప్పాం. దిద్దుబాటు అవసరం రాలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి కన్యాశుల్కం తొలికూర్పుకి గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠిక తెరిచి కూర్చుంది. అందులో ఒక లెక్కుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా మహారాజావారు తయారుచేయించారు. తేలినవి 1,034. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెల్ని నేను వేదికల మీద గద్గదస్వరంతో చదివేవాణ్ణి. అప్పట్లో మగపెళ్లివారు డబ్బిచ్చి పిల్లని కొనేవారు, ఇప్పుడు ఆడపెళ్లివారే ఇస్తున్నారు, చూడండి ఎంత అభివృద్ధో. పైగా ఇప్పుడిచ్చేదాన్ని కట్నం అనరు, లాంఛనాలంటారు.

"రాజుగారు లెక్క రాయించబట్టే కదా ఆ సంగతి బయటపడింది? మనింటి లెక్క కూడా రాద్దామా?" అంది. గురజాడ మీది గౌరవం కొద్దీ సరేనన్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించింది. తెల్లవారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా, అరగంటకో గడి. కేంద్ర ప్రభుత్వం చేసే టైం యూజ్ సర్వే పద్ధతి ఇదేనట. 2024 సర్వే ప్రకారం, ఇంటిపని చేస్తున్నామన్న ఆడవాళ్లు దాని మీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేస్తున్నామన్న మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. 2019లో ఇవి 299, 97. అంటే అయిదేళ్లలో మగజాతి రోజుకి తొమ్మిది నిమిషాలు ఆదా చేసింది. ఒక్కరూ శాలువా కప్పలేదు.

నా గడులు నేనే నిజాయితీగా నింపాను. ఆరు గంటలకి, కాఫీ పెట్టించుట. ఆరున్నర నుంచి, పేపరు. పదకొండుకి, కూరగాయలు తెప్పించుట. నాలుక్కి, ఆరేసిన బట్టలు తీయించుట. (మబ్బు పట్టిందని కేకేసింది నేనే. కేకెయ్యకపోతే తడిసేవి.) అమ్మాయి ఎర్రపెన్ను తెచ్చి, 'ఇంచు' ఉన్న గడులన్నీ కొట్టేసింది. చేయించేవాణ్ణి కూడా పాణిని కర్త అనే అన్నాడే, అని వ్యాకరణం ఎత్తాను. పాణిని ఇంట్లో అంట్లు ఎవరు తోమేవారు అంది. అష్టాధ్యాయిలో దానికి సూత్రం లేదు.

చివరికి ఒకే గడి మిగిలింది, గ్యాస్ సిలిండరు మార్చుట. బరువులెత్తడం మగవాడి పని కదా. మా పక్కన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కేజీలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చిందని ఒప్పుకుంటాను. అయినా మా ఇంట్లో 14.2 కేజీల సిలిండరు నేనే మార్చాలి. ఆ రోజు నేను పేపర్లో ఎడిటోరియల్ ముగించి లేచేసరికి మా ఆవిడ మార్చేసి పాలు కూడా కాచేసింది. ఆ గడీ పోయింది.

మా ఆవిడ మాత్రం నాలుగున్నర దగ్గర 'మామూలే' అని ఒక్క ముక్క రాసి, అక్కణ్ణించి రాత్రి పదిన్నర దాకా కిందికి గీత లాగేసింది.

లింగం అయింది, వచనం అయింది. ఇక విభక్తి. విభక్తి అంటే విభజన. ఇక్కడ నా కలం వణుకుతోంది.

ఈ చదువులో చట్టాలు కూడా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. మన రాష్ట్రం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. కేంద్రానికి ఆ బుద్ధి 2005లో పుట్టింది. ఈ విషయంలో ఢిల్లీ మన వెనకాలే నడిచిందని నేను క్లాసులో ఛాతీ విరుచుకుని చెప్పినవాణ్ణే.

"అత్త పెళ్లి ఎప్పుడైంది నాన్నా?"

"1988 మాఘమాసం."

"అయితే భోగాపురం పొలంలో అత్త వాటా ఏది?"

చూశారా? చదువన్నాక పుస్తకంలో ఉండాలి, పరీక్షలో ఉండాలి. అది వచ్చి మా పొలం గట్టెక్కితే ఎలా? వ్యక్తిగతమైనదంతా రాజకీయమే అని వాళ్లకో నినాదం కూడా ఉందట. రాజకీయమే నయం, అయిదేళ్లకోసారి వచ్చి పోతుంది.

ఎకరం ముప్పై సెంట్లు. ఒకప్పుడు జీడిమామిడి తప్ప ఏమీ లేదు. ఎయిర్‌పోర్టు మాట పుట్టిన దగ్గర్నుంచి అక్కడ ఎవరూ ఎకరాల్లో మాట్లాడటం లేదు, సెంట్లలోనే. నాన్న పోయాక, ఎయిర్‌పోర్టు మాటకి చాలా ముందే, తనకి ఏ హక్కూ లేదని మా చెల్లెలి చేత తెల్లకాగితం మీద రాయించాను. (మళ్లీ ప్రేరణార్థకమే, ఏం చేస్తాం.) బలవంతమేమీ లేదు. పట్టుచీర పెట్టాం, పసుపు కుంకుమ పెట్టాం, బుట్టెడు అరిసెలు కట్టి పంపాం. సంతకం చేసేటప్పుడు చెల్లెలు కళ్లు తుడుచుకుంది. నాన్న గుర్తొచ్చాడు కాబోలని అందరం అనుకున్నాం.

"రిజిస్టరు చేయించారా?"

"అన్నాచెల్లెళ్ల మధ్య రిజిస్ట్రేషనేంటే!"

"వంద రూపాయలూ ఆ పైన విలువున్న స్థిరాస్తిలో హక్కు వదులుకుంటే రిజిస్టరు కావాలి. 1908 నాటి చట్టం. లేకపోతే ఆ కాగితం..." అని ఆపేసి, నా మొహం చూసి, చట్నీ వేసుకుంది.

అమ్మ మాత్రం నా పక్షమే. "ఆడకూతురికి బూమేటే గుంటా? అత్తోరింటికెల్లిపోనాది కదా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పితృస్వామ్యం అంటే పితృవు యొక్క స్వామ్యం, మా ఇంట్లో అది నడుపుతున్నది మాతృమూర్తి, కాబట్టి సమాసమే తప్పు అని అమ్మాయికి నిరూపించాను. "అది కూడా సిలబస్‌లో ఉంది" అని, నాయనమ్మ వైపు తిరిగి, "మరి మీ నాన్న నీకేం ఇచ్చాడే?" అంది.

"సీరెట్నాడు" అంది అమ్మ. ఆ రోజు ఇంకో రెండు చుట్టలు ఎక్కువ కాల్చింది.

తొలేళ్ల నాడు చెల్లెలు దిగింది. మర్నాడు మంగళవారం మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ సిరిమాను పండగ. చింతమాను కొసన పూజారి అమ్మవారి రూపుగా కూర్చుంటే, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ముందు నడిచే అంజలి రథం మీద మగవాళ్లే ఆడవేషం కట్టి నిలబడతారు. మేడ మీంచి అది చూపించి, "చూశావా, మీ బోవార్ మా ఊరొస్తే ఏడాదికోసారి మగవాళ్లమే ఆడవాళ్లుగా తయారవడం చూసుండేది" అన్నాను గర్వంగా.

"మరి ఆడవాళ్లేరి నాన్నా?"

కింద వంటింట్లో పన్నెండుమంది చుట్టాలకి గారెలు వేస్తున్నారు. నూనె చప్పుడు మేడ మీదికి కూడా వినిపిస్తోంది. నేను ఏదో అనేలోపే అమ్మాయి కిందికి వెళ్లిపోయింది.

కాసేపటికి మా చెల్లెలు వచ్చింది. ఏకవచనం. పిట్టగోడ పక్కన నిలబడి, సిరిమానుకి దణ్ణం పెట్టుకుని, "అన్నయ్యా, ఆ కాగితం జిరాక్సు ఒకటిస్తావా?" అంది, పంచదార అడిగినంత మామూలుగా.

"పండగ కదమ్మా. జిరాక్స్ షాపులన్నీ మూసేసుంటారు."

"కోట దగ్గరది తీసే ఉందట. నీ కూతురు పొద్దున్నే చూసొచ్చింది."

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. అమ్మాయి మళ్లీ వచ్చింది అనుకుంటూ తిరిగి చూశాను. దాని వెనకాలే మా ఆవిడ కూడా ఉంది, చేతుల పిండి కొంగుకి తుడుచుకుంటూ.

వచ్చారు.