సారా కూడా సంస్కృతేనా?

నెల్లూరులో ఏ సాహిత్య సభకు వెళ్లినా తిక్కన పేరు వినపడకుండా మొదటి ఉపన్యాసం ముగియదు. ముగియకూడదు కూడా. భారతంలో పదిహేను పర్వాలను తెలుగు చేసిన కవి మన ఊరివాడు కావడం చిన్న విషయం కాదు. నా పేచీ ఆ తరవాత వచ్చే మాటతోనే: "ఇదీ మన సంస్కృతి." ఆ "మన"లో ఎవరెవరికి చోటుంది?

సంస్కృతి అంటే మెరుగు పెట్టినది అని పదానికే అర్థం ఉంది. ఆ లెక్కన కావ్యం, సంగీతం, నాట్యం మాత్రమే సంస్కృతి, మిగతాది బతుకుతెరువు. 1871లో ఎడ్వర్డ్ టైలర్ అనే ఆంగ్ల మానవశాస్త్రవేత్త ఈ గీతను చెరిపేశాడు. సమాజంలో ఒకడిగా ఉన్నందువల్ల మనిషికి అబ్బే జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, ఆచారం, అలవాటు అన్నీ కలిసి సంస్కృతి అన్నాడు. 1952 నాటికి ఇద్దరు అమెరికన్ పండితులు లెక్కతీస్తే ఇలాంటి నిర్వచనాలు 164 తేలాయి. వాటన్నింటి జోలికి మనం పోనక్కర లేదు.

మొహర్రం రోజుల్లో, రొట్టెల పండుగ వేళ, మన ఊరి బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులోకి దిగి చూడండి. మోకాలి లోతు నీళ్లలో, తలపై కొంగు కప్పుకున్న ఒకామె చేతిలో రొట్టె పట్టుకుని "సంతాన రొట్టె, సంతాన రొట్టె" అని పిలుస్తూ ఉంటుంది. గతంలో ఆమె అక్కడే ఒక రొట్టె అందుకుంది, కోరిక తీరింది, ఇప్పుడు ఇవ్వడానికి వచ్చింది. అందుకునే చెయ్యి ఏ మతానిదో ఆమె అడగదు. దీన్ని సంస్కృతి కాదనే నిర్వచనం నాకు అక్కర లేదు.

అయితే టైలర్ మాటలోనూ ఒక చిక్కుంది. అన్నింటినీ కలుపుకునే నిర్వచనం దేనినీ తప్పు పట్టదు. ఆ లెక్కన సారా కూడా సంస్కృతే.

ఒకప్పుడు మన పల్లెల్లో దాన్ని అలాగే చూశారు. "రెక్కలు ముక్కలు చేసుకునేవాడు, సాయంత్రం చుక్క పడకపోతే ఎలా?" అన్న మాటను తాగేవాడూ అన్నాడు, తాగించేవాడూ అన్నాడు, దెబ్బలు తిన్న ఆడమనిషి కూడా నమ్మింది. భావజాలం అంటే జెండా, నినాదం అనుకుంటాం. నా దృష్టిలో అసలైన భావజాలం ఇదే. అది ఎవరికీ భావజాలంగా కనపడదు, లోకరీతిగా కనపడుతుంది. ఇటలీలో ముస్సోలినీ జైల్లో కూర్చుని మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంసీ రాసుకున్నదీ ఇంచుమించు ఇదే: బలవంతుల ఆలోచన అందరి ఇంగితంగా మారినప్పుడు వాళ్లకు లాఠీతో పని తగ్గుతుంది. సారా అమ్ముకునే హక్కు కోసం సర్కారు జరిపిన వేలంపాటల డబ్బు ఎవరి పెట్టెల్లో పడిందో చూస్తే ఆ "లోకరీతి" ఎవరికి లాభమో తెలుస్తుంది.

దాన్ని కదిలించింది రాత్రి బడి. అక్షరాస్యతా ఉద్యమంలో పలక పట్టిన మన జిల్లా దూబగుంట ఆడవాళ్లు, సారా వల్ల కూలిన సంసారం గురించి వాచకంలో ఒక పాఠం చదివారు. అక్షరం కూడబలుక్కుంటూ చదివిన ఆ కథ తమదేనని గుర్తుపట్టారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో ఆ సెగ జిల్లా అంతా పాకింది, వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. ఖజానా నిండాలన్న వాదం గెలిచింది.

అందుకే "మాకు ఏ భావజాలమూ లేదు, మాది ఉత్త సంస్కృతి" అనేవారిని నేను నమ్మలేను. ఉన్న అలవాటును కాపాడాలన్నది ఎంత భావజాలమో, మార్చాలన్నదీ అంతే. దూబగుంట ఆడవాళ్లు బయటి సంస్కృతిని దేన్నీ తెచ్చిపెట్టలేదు. ఊరి బతుకులో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చే హక్కు తమకూ ఉందన్నారు.

మన సాంస్కృతిక ఉత్సవాల్లో ఆ ఊరి పేరు నేను ఇంతవరకు వినలేదు. తిక్కన పద్యం చదివే వేదిక మీదే, ఆనాడు పలక పట్టిన ఒక అవ్వను కూర్చోబెట్టి ఆ పాఠం చదివించాలని నా కోరిక.