ఇంటికి చాలు సార్

గోడ గడియారం ఇంకా సోఫా మీదే ఉంది. దాన్ని జరిపి కూర్చుంటున్నాం.

ప్రతి చిల్లుకీ పక్కింటి మిషన్ ఏం అడుగుతాంలే అని మొన్న శనివారం రాణిగంజ్ వెళ్లి ఓ కార్డ్‌లెస్ డ్రిల్లు పట్టుకొచ్చాను. బేరం సంగతి రాయను, బీపీ లేస్తుంది. షాపాయన అడిగింది ఒక్కటే: "ఇంటికా, పనికా సార్?" ఇంటికన్నాను. "అయితే ఇది చాలు సార్" అని 12 వోల్టుల బుజ్జిదాన్ని చేతిలో పెట్టాడు. (ఆ 12 కూడా పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటిదే. బ్యాటరీ నిండా ఉన్నప్పటి లెక్క. పనిలోకి దిగితే 10.8.)

ఆదివారం స్టూలెక్కాను. కింద మామగారు, ఆయన చంకలో గడియారం. మీట నొక్కి గోడకి అదిమానో లేదో, టకటకటకటక! ఒళ్లు పులకరించింది. గోడని సుత్తిలా కొడుతూ తొలిచే హ్యామర్ అంటే ఇదన్నమాట! పది నిమిషాలు అలాగే అదిమాను. భుజం లాగేస్తోంది, చెమట కళ్లలోకి కారుతోంది, మోత మాత్రం మెట్రో పనులకి తీసిపోదు.

"అల్లుడుగారూ, పొడి రాలట్లేదేం?"

"బ్రష్‌లెస్ మోటారండీ" అన్నాను. మోటారులో కార్బన్ బ్రష్షులు లేకపోతే గోడలోంచి పొడి ఎందుకు రాదో నాకూ తెలీదు. ఆయన మాత్రం గంభీరంగా తలూపారు. ముప్పయ్యేళ్లు సర్కారు కొలువు చేసిన మనిషి, మీటింగుల్లో అలవాటైన తలే అది.

మోతకి పక్క ఫ్లాటులో పనిచేస్తున్న ప్లంబర్ కుర్రాడు తొంగిచూశాడు.

"అన్నా, అది హ్యామర్ కాదే. క్లచ్చు కొట్టుకుంటుంది. రింగు ఒకటి మీద పెట్టినవ్, బిట్టు తిరుగుతనే లేదు."

ఆ అంకెలు స్క్రూలు బిగించడానికట. రింగు తిప్పి డ్రిల్లు గుర్తు మీద పెట్టాడు. ఈసారి తిరిగింది. పుట్టీ మీద బొట్టుబిళ్లంత గుంట చేసి, కాంక్రీటు తగలగానే అక్కడే గిరగిరా. మాది మైవాన్ కట్టుబడి. అల్యూమినియం షట్టరింగు పెట్టి లోపలి గోడలు కూడా కాంక్రీటుతోనే పోసేశారు, ఇటుకన్నది లేదు. రింగు మీద స్క్రూ బొమ్మ ఉంది, బిట్టు బొమ్మ ఉంది. సుత్తి బొమ్మే లేదు.

షాపుకి ఫోన్ చేసి గోడకి చిల్లు పడట్లేదని అరిచాను.

"గోడకా?" అన్నాడాయన. "మీరు ఇంటికన్నారు కద్సార్!"