యావత్తు తెచ్చిన తంటా

పోయిన వినాయక చవితికి మా సత్యనారాయణపురం వీధి కమిటీ 'ఐక్యమత్యమే మహాబలం' అని ఫ్లెక్సీ కట్టింది. రిటైరైన మా తెలుగు మాస్టారు దాని కింద ఆగి, "ఏకమతం నుంచి వచ్చింది ఐకమత్యం. కకారం కింద ఆ యావత్తు పెట్టిందెవర్రా?" అన్నారు. చందా ఎక్కువిచ్చినాయనకు పౌరుషం వచ్చింది. "అదుంటేనే ఫ్లెక్సీ నిండుగా ఉంది మాస్టారూ" అన్నాడు. అలా ఒక్క యావత్తు యావత్తు వీధినీ రెండుగా చీల్చింది.

రాజీకని నేను 'ఐక్యత' అని వేయిద్దామన్నాను. మాస్టారు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. ఐక్యం అంటేనే ఒక్కటిగా ఉండటమట. దానికి మళ్లీ 'త' తగిలించడం అన్నంలో అన్నం కలుపుకు తినడమట. పోనీ, ఉత్త 'ఐక్యం' చాలదా? శివైక్యం, లింగైక్యం గుర్తొచ్చి పెద్దవాళ్లు ససేమిరా అన్నారు. నిజమే, 'వీధంతా ఐక్యమైంది' అని రాసి కడితే చుట్టాలు దండలతో దిగుతారు.

ఇక మిగిలింది 'సమైక్యం'. సమ, ఐక్యం కలిస్తే వృద్ధిసంధి, మాస్టారికీ అభ్యంతరం లేదు. కానీ బెజవాడలో ఆ మాట జాతకం వేరు. 1972లో జై ఆంధ్ర అంటూ విడిపోదామని రోడ్డెక్కిన ఊరిది. 2013లో సమైక్యాంధ్ర అంటూ కలిసుందామని రోడ్డెక్కిందీ ఈ ఊరే. షట్టర్లు మాత్రం రెండుసార్లూ ఒకేలా దించారు. రెండోసారి వీధివీధికీ జేఏసీలు వెలిశాయి. జేఏసీ అంటే ఐక్య కార్యాచరణ సమితి. పేరులోనే ఐక్యం ఉంది కదా, ఊరికి ఒకటి చాలాలి. లాయర్లకొకటి, విద్యార్థులకొకటి, ఎన్జీవో ఉద్యోగులకొకటి! 2014 జూన్ 2న ఏమైందో మీకు తెలుసు.

నిఘంటువులో ఏముందో గానీ, వాడుకలో ఈ మాటకు నాకు తెలిసిన అర్థం ఒకటే: మీరొచ్చి మాలో కలవండి. 'మేమే వచ్చి మీలో కలుస్తాం' అన్నవాణ్ణి గుంటూరు నుంచి గన్నవరం దాకా నేనెక్కడా చూడలేదు.

ఈ చవితికి మా వీధిలో రెండు పందిళ్లు వేశారు. ఒకదాని ఫ్లెక్సీకి యావత్తు ఉంది, రెండోదానికి లేదు. మైకులు వేరు, లడ్డూ వేలాలు వేరు. కరెంటు మాత్రం ఇద్దరూ ఒకే స్తంభానికి కొక్కెం తగిలించి లాగారు.