యూపీఎస్ కొనేముందు ఆ ప్లగ్గు వెనక ఏముందో చూడండి

మొన్న మా బంధువుల ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయికి కొత్త కంప్యూటర్ కొన్నారు. 70 వేలట. చూద్దువు గాని రమ్మంటే వెళ్లాను. అద్దాల కేబినెట్, లోపల రంగురంగుల లైట్లు. ముచ్చటగా ఉంది. ప్లగ్గు ఎక్కడ పెట్టారా అని వెతికితే, మంచం కింద నుంచి వచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో, మిక్సీ పక్కన దొరికింది. కంప్యూటర్ ప్లగ్గుకి మూడు పిన్నులు ఉన్నాయి. అది దూరిన ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు చివర మాత్రం రెండే పిన్నులు. అంటే మూడో పిన్ను, సామాను ఇనప డబ్బాని భూమికి కలిపే ఎర్త్, అక్కడితోనే ఆగిపోయింది. "యూపీఎస్ తీసుకోలేదా బాబాయ్? అదే, కరెంటు పోతే కంప్యూటర్‌ని కాసేపు నడిపే బ్యాటరీ డబ్బా" అంటే, "ఇప్పుడు కరెంటు పోవట్లేదుగా, దండగ ఎందుకురా" అన్నారు.

ఆ "దండగ" అనే మాట విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పెద్ద పోస్టు రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌను మాది. ఇంట్లోనే డీటీపీ చేస్తాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఒక పుస్తకం. రెండేళ్ల క్రితం కంప్యూటర్ మార్చినప్పుడు, షాపులో కుర్రాడు "ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అన్నా, మళ్లీ యూపీఎస్ దేనికి?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. మా ఇంట్లో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఉందనీ, కంప్యూటర్ గదిలో ప్లగ్గు నేరుగా మెయిన్ మీదే ఉందనీ అతను అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

మే నెల చివర్లో ఒక సాయంత్రం గాలివాన మొదలైంది. కొబ్బరి మట్టలు వీధిలో ఎగురుతున్నాయి. కరెంటు ఒకసారి పోయి వచ్చింది. ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. దేవుడి గదిలో ఎర్రటి జీరో బల్బు ఉంటుంది, ఎప్పుడూ మినుకు మినుకుమంటూ వెలుగుతుంది. అది ఒక్కసారిగా గది మొత్తం ఎర్రబడేంతగా వెలిగింది. ఫ్రిజ్ స్టెబిలైజర్ టక్ టక్ టక్ అని ఆగకుండా కొట్టుకుంది. మా ఆవిడ "ఏమండీ, మెయిన్ ఆపేయండి" అని వంటింట్లోంచి అరిచింది. నేను లేచేలోపే కంప్యూటర్ లోపల టప్‌మని పేలింది. మాడిన వాసన. ఆ వెంటనే జీరో బల్బూ పోయింది.

స్తంభం మీద న్యూట్రల్ తెగింది. మా వీధిలో మూడు ఇళ్లలో టీవీలు పోయాయి. 1912కి ఫోన్ చేస్తే, ఆ వానలోనే లైన్‌మన్ వచ్చి, తడుస్తూ నిచ్చెన ఎక్కి కలిపి వెళ్లాడు. ఆయన్ని అనడానికేమీ లేదు. గాలి తెంపింది, ఆయన కలిపాడు.

న్యూట్రల్ తెగితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. నాకూ అప్పుడే తెలిసింది. మన ఇంటికి వచ్చేది 230 వోల్టులు. స్తంభం మీద మాత్రం మూడు ఫేజులు, అంటే కరెంటు తెచ్చే మూడు వైర్లు ఉంటాయి. మనకి ఒకటి, పక్కింటికి ఒకటి, ఎదురింటికి ఇంకోటి. ఒక ఫేజుకీ ఇంకో ఫేజుకీ మధ్య 400 వోల్టులు ఉంటుంది. అందరికీ కలిపి వెనక్కి వెళ్లే దారి న్యూట్రల్. ఆ దారి తెగితే మన ఇంటి సామానూ పక్కింటి సామానూ ఆ 400 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి గుచ్చినట్టు అవుతాయి. అప్పుడు ఎక్కువ వాడుతున్న ఇంటికి వోల్టేజ్ తగ్గిపోతుంది, తక్కువ వాడుతున్న ఇంటికి పెరిగిపోతుంది. ఆ సాయంత్రం పక్కింట్లో గీజరు నడుస్తోంది. మా ఇంట్లో ఫ్రిజ్, ఒక కంప్యూటర్, ఒక జీరో బల్బు. దెబ్బ మాకు పడింది.

ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, విప్పి చూపించాడు మెకానిక్. లోపల బొటనవేలంత పెద్ద కెపాసిటర్ ఉంటుంది. దాని మీద 450 వోల్టులు అని రాసి ఉంది. నెత్తి చీలి విచ్చుకుని ఉంది. ఏసీ 350కి చేరితే, అది డీసీగా మారి ఆ కెపాసిటర్ మీద పడేది దాదాపు 495. ఇంక అది ఏం తట్టుకుంటుంది? అది పోతూ పోతూ మదర్‌బోర్డునీ, హార్డ్ డిస్కునీ తీసుకుపోయింది.

మదర్‌బోర్డు పోతే ఇంకోటి కొన్నాను, అది వేరే సంగతి. ఆ డిస్కులో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి పుస్తకం ఉంది. 212 పేజీలు. ఆయన చేతివణుకుతో రాసిన నోటుబుక్కులు చూసి టైపు చేసి, రెండు సార్లు ప్రూఫులు దిద్దించి, ఇక ప్రెస్సుకి పంపడమే అన్న దశలో ఉంది. నేను కాపీ తీసి ఉంచినది మొదటి 60 పేజీలే. మాస్టారి ఇంటికి వెళ్లి చెప్పాను. ఆయన ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్లి ఆ నోటుబుక్కులు మళ్లీ తెచ్చి నా చేతిలో పెట్టారు. అది ఇప్పటికీ తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. నేనూ మా ఆవిడా 19 రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేశాం.

ఇక అసలు విషయం. కొత్త కంప్యూటర్‌కి యూపీఎస్ కొన్నాను. పెట్టడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. పెద్దాయన, 60 దాటి ఉంటాయి. యూపీఎస్ డబ్బా కూడా విప్పకుండా ముందు మల్టీమీటర్ తీసి ప్లగ్గులో పెట్టాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 231. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 231. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య సున్నా. "బాగుందిగా అన్నా" అన్నాను. "సున్నా రాకూడదు బాబూ. నిజం ఎర్త్ అయితే ఒకటో రెండో చూపించాలి" అని మెయిన్ ఆపి, స్విచ్‌బోర్డు విప్పాడు.

లోపల వేలెడు కూడా లేని నల్ల వైరు ముక్క. ఒక కొస న్యూట్రల్ స్క్రూకి, ఇంకో కొస ఎర్త్ పిన్ను స్క్రూకి బిగించి ఉంది. ఎర్త్ వైరు అసలు లేనే లేదు. ఇల్లు కట్టినప్పుడు ఎవరో ఎర్త్ లాగడం బద్ధకించి, టెస్టు చేస్తే ఉన్నట్టు కనిపించేలా ఆ ముక్క పెట్టేశారు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంది.

దాని అర్థం ఏమిటో ఆయన చెప్పాక నాకు ఒళ్లు జలదరించింది. న్యూట్రల్ తెగితే, ఫేజు కరెంటు సామాను గుండా న్యూట్రల్ వైరులోకి వచ్చి, వెనక్కి పోయే దారి లేక, ఆ ముక్క ద్వారా కంప్యూటర్ ఇనప డబ్బా మీదికి వచ్చేస్తుంది. అంటే ఆ గాలివాన సాయంత్రం నేను పరిగెత్తుకెళ్లి ఆ కేబినెట్ మీద చెయ్యి వేసి ఉంటే? మా అబ్బాయి కూడా అప్పుడు చెప్పులు లేకుండా తడి నేల మీద నిలబడి ఉన్నాడు, వాడు వేసి ఉంటే?

అందుకే చెబుతున్నాను. యూపీఎస్ ఎంత, ఏ కంపెనీ, ఎన్ని నిమిషాలు అని అడిగేముందు ఆ ప్లగ్గు విప్పించండి. మీరు విప్పకండి, తెలిసినవాళ్లని పిలవండి, మెయిన్ ఆపించండి.

మన దగ్గర ఒక పొరపాటు ఆలోచన పాతుకుపోయింది. ఒక డబ్బా కొంటే అన్నిటికీ సరిపోతుందని. జ్వరం మాత్ర వేసుకుంటే విరిగిన కాలు అతుక్కోదు. పిడుగు దగ్గర్లో పడితే వచ్చే పోటు కన్ను మూసి తెరిచేలోపు వచ్చి పోతుంది. దాన్ని పట్టేది స్పైక్ బస్టర్‌లో, అంటే పోటు ఆపడానికని అమ్మే ఎక్స్‌టెన్షన్ బాక్సులో, ఉండే ఎంఓవీ అనే చిన్న బిళ్ల. అది పోటులో కొంత భాగాన్ని ఎర్త్‌లోకి మళ్లించాలి. ఎర్తే లేకపోతే ఎక్కడికి మళ్లిస్తుంది? పైగా దెబ్బ తిన్న ప్రతిసారీ ఆ బిళ్ల కాస్త కాస్త అరిగిపోతుంది. మా ఇంట్లో రెండు స్పైక్ బస్టర్లు విప్పి చూశాను. ఒకదాంట్లో బిళ్ల ఉంది. ఇంకోదాంట్లో ఎర్ర లైటున్న స్విచ్చి, మూడు ఇత్తడి రేకులు, అంతే. పైన పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. ఇలాంటివి అమ్మేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

న్యూట్రల్ తెగడం నిమిషాల తరబడి నడిచే హైవోల్టేజ్. ఆ బిళ్ల దానికి పనికిరాదు, మాడిపోతుంది. ఎర్తింగ్ కూడా ఆ వోల్టేజ్‌ని ఆపదు, అది మనుషుల ప్రాణం కోసం. దీనికి మీటరు తర్వాత ఎంసీబీల (కరెంటు మితిమీరితే వాటంతటవే పడిపోయే స్విచ్చీల) పక్కన పెట్టే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ కావాలి. వోల్టేజ్ మితిమీరితే ఇల్లు మొత్తానికి కరెంటు కట్ చేసి, సర్దుకున్నాక మళ్లీ ఇస్తుంది. నాకు బిగింపుతో కలిపి 1,400 అయింది. మూడు టీవీలు పోయిన వీధిలో ఇది ఎన్ని ఇళ్లలో ఉందని అడిగితే, మా ఇల్లొక్కటే.

ఇక కరెంటు పోవడం. దానికి యూపీఎస్. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడేలు నడిచిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇప్పుడు కరెంటు బంగారంలా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉండిపోయినప్పుడు, ఏ యూపీఎస్ అయినా చేసేదేమీ లేదు. కానీ మన పని పాడయ్యేది గంటల కోత వల్ల కాదు. ఫ్యాను రెక్క వేగం కూడా తగ్గకముందే పోయి వచ్చేస్తుందే, ఆ రెప్పపాటు వల్ల. ఎస్‌ఎంపీఎస్ మామూలుగా దాదాపు 16 మిల్లీ సెకన్లు ఓపిక పడుతుంది. మామూలు ఇంటి యూపీఎస్ 10 మిల్లీ సెకన్లలోపే బ్యాటరీ మీదికి మారుతుంది. ఇన్వర్టర్ చాలావాటికి వెనక ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. అది యూపీఎస్ మోడ్‌లో లేకపోతే మారేసరికి కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. "ఇన్వర్టర్ ఉన్నా ఎందుకు ఆగుతోంది" అని అడిగేవాళ్లు ముందు ఆ స్విచ్చి చూసుకోండి.

కొనేటప్పుడు డబ్బా మీద 600 వీఏ అని ఉంటే 600 వాట్లు అనుకోవద్దు. అలాంటివి చాలావరకు 360 వాట్లే ఇస్తాయి. పెద్ద గ్రాఫిక్స్ కార్డుతో ఆట నడుస్తున్నప్పుడు కరెంటు పోతే అది కుయ్‌మని ఆగిపోతుంది. లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. 200 వాట్ల కంప్యూటర్‌కి ఓ పది నిమిషాలు వస్తుంది. ఆ పది నిమిషాలు పని చేసుకోవడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి. లేజర్ ప్రింటర్ దానికి తగిలించొద్దు. రెండు మూడేళ్లకి బ్యాటరీ చచ్చిపోతుంది, మన ఎండలకి ఇంకా ముందే. చచ్చిన బ్యాటరీతో యూపీఎస్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్సులా వాడే ఇళ్లు నాకు తెలిసే ఎన్నో ఉన్నాయి. నెలకోసారి కంప్యూటర్‌లో ఏ పనీ లేనప్పుడు గోడ దగ్గర స్విచ్చి ఆపి చూడండి, బతికుందో లేదో తెలిసిపోతుంది.

ఇంకొకటి మర్చిపోతున్నాను. ఇంటర్నెట్ వైరు. స్తంభం నుంచి రాగి లాన్ కేబుల్ నేరుగా ఇంట్లోకి వస్తుంటే, ఉరుములప్పుడు ప్లగ్గు పీకినా లాభం లేదు, పోటు అటు నుంచి వస్తుంది. ఆ కేబుల్ కూడా పీకండి. గాజు ఫైబర్ అయితే ఆ వైపు నుంచి భయం దాదాపు లేదు.

మా పెరట్లో ఇప్పుడు ఎర్త్ గుంట ఉంది. ఇనప పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. కూలీతో సహా 6 వేలు. ఎండాకాలం మట్టి ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదని పెద్దాయన చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి మా అమ్మ తులసి కోటకి పోశాక ఒక చెంబు ఆ పైపులో కూడా పోస్తోంది.

బాబాయ్ వాళ్ల ఇంటికి ఈ ఆదివారం మల్టీమీటర్ తీసుకుని, ఆ పెద్దాయన్ని కూడా వెంటబెట్టుకుని వెళుతున్నాను. మా టౌన్లో ఇంకెవరికైనా చూపించుకోవాలని ఉంటే మెసేజ్ పెట్టండి, ఆయనతో మాట్లాడి సాయంత్రం మీ ఇంటికీ వస్తాం.