మ్యాట్‌ల్యాబ్ నుంచి నమ్‌పైకి: బ్రాకెట్లు మార్చినంత మాత్రాన అనువాదం పూర్తి కాదు

అమీర్‌పేట శిక్షణ కేంద్రాల నోట్సుల్లోనూ, హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక సలహా విరివిగా తిరుగుతోంది. మ్యాట్‌ల్యాబ్ అనే గణన సాఫ్ట్‌వేర్‌లో రాసిన ప్రోగ్రామును పైథాన్ భాషలోని గణన లైబ్రరీ అయిన నమ్‌పైలోకి మార్చడానికి గుండ్రని బ్రాకెట్లను చదరపు బ్రాకెట్లుగా మార్చి, ఇండెక్స్‌లోంచి, అంటే విలువ స్థానాన్ని చెప్పే సంఖ్యలోంచి, ఒకటి తీసివేసి, ఫంక్షన్ పేరు ముందు నమ్‌పై పొట్టి పేరైన ‘ఎన్‌పీ’ చేరిస్తే చాలునట. పేరు ఒకటైతే పని ఒకటేనట. ఎర్రర్ రాకుండా నడిస్తే అనువాదం సరైనట్టేనట. ప్రాజెక్టు ఫలితాలు దీనిమీద ఆధారపడుతున్నాయి కనుక ఇందులోని ఒక్కో మాటనూ పరీక్షించడం అవసరం.

“ఇండెక్స్‌లోంచి ఒకటి తీసివేయాలి” అన్నది సగమే నిజం. మ్యాట్‌ల్యాబ్ లెక్క 1తోనూ, నమ్‌పై లెక్క 0తోనూ మొదలవుతాయి. అయితే 2 నుంచి 5 వరకు అని రాస్తే మ్యాట్‌ల్యాబ్ ఐదవ విలువను కూడా కలుపుకొంటుంది. నమ్‌పై చివరి హద్దును కలుపుకోదు. రెండు చోట్లా ఒకటి తీసివేస్తే ఒక విలువ జారిపోతుంది కాబట్టి 1 నుంచి 5 అనే రాయాలి. ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. ప్రతి విలువలోంచి దాని ముందరి విలువను తీసివేసే లూపును పొరపాటున మొదటి విలువ నుంచే ప్రారంభిస్తే, మ్యాట్‌ల్యాబ్ సున్నా ఇండెక్స్‌ను ఒప్పుకోక అక్కడే ఆగిపోతుంది. నమ్‌పైలో అదే ఇండెక్స్ మైనస్ ఒకటి అవుతుంది, దాని అర్థం చిట్టచివరి విలువ. ప్రోగ్రాము ఏ హెచ్చరికా లేకుండా తప్పు జవాబుతో ముందుకు సాగుతుంది.

“పేరు ఒకటైతే పని ఒకటే” అన్నది అసలు నిలవదు. 2, 4, 4, 4, 5, 5, 7, 9 అనే సంఖ్యల ప్రామాణిక విచలనాన్ని నమ్‌పై 2 అనీ, మ్యాట్‌ల్యాబ్ సుమారు 2.138 అనీ చెబుతాయి. మొదటిది ఎన్‌తో, అంటే ఎన్ని సంఖ్యలుంటే అంతతో, రెండవది ఎన్ మైనస్ ఒకటితో భాగిస్తుంది. మాత్రికను మొత్తం కట్టే ఫంక్షన్ సమ్‌కు ఇస్తే మ్యాట్‌ల్యాబ్ నిలువు వరుసల మొత్తాలను విడివిడిగా ఇస్తుంది, నమ్‌పై అంతా కలిపి ఒకే సంఖ్య ఇస్తుంది. నక్షత్రం గుర్తు మ్యాట్‌ల్యాబ్‌లో మాత్రికా గుణకారం, నమ్‌పైలో మూలకాల గుణకారం. చిత్రాలతో పనిచేసేవారు మరింత జాగ్రత్తపడాలి: ఎనిమిది బిట్ల పూర్ణాంకాలలో 200కు 100 కలిపితే మ్యాట్‌ల్యాబ్ గరిష్ఠ విలువైన 255 దగ్గర ఆపుతుంది, నమ్‌పైలో అది చుట్టు తిరిగి 44 అవుతుంది, వెలుగుండవలసిన చోట చీకటి పడుతుంది.

“ఎర్రర్ రాకపోతే సరైనట్టే” అన్న మాట వీటన్నిటికన్నా హానికరం. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా గంటకొకటి చొప్పున కొలిచిన ఉష్ణోగ్రతలు 8,760 సంఖ్యలుగా ఒకే వరుసలో ఉన్నాయనుకుందాం. మ్యాట్‌ల్యాబ్‌లో మాత్రిక ఆకారం మార్చే రీషేప్‌తో వాటిని 24 అడ్డు వరుసలు, 365 నిలువు వరుసలుగా మలిస్తే, అది పాత ప్రోగ్రామింగ్ భాష ఫోర్ట్రాన్ మాదిరిగా నిలువుగా నింపుతుంది గనుక ఒక్కో నిలువు వరుస ఒక్కో రోజు అవుతుంది. నమ్‌పై మామూలుగా అడ్డంగా నింపుతుంది. అవే 24, 365 కొలతలు ఇస్తే, నిలువు వరుసలోని పక్కపక్క సంఖ్యల మధ్య 365 గంటల ఎడం, అంటే 15 రోజుల 5 గంటల ఎడం ఏర్పడుతుంది. ఐదేసి గంటలు జరుగుతూ పోయే ఆ 24 సంఖ్యలు రోజులోని ప్రతి గంటనూ సరిగ్గా ఒక్కసారి తాకుతూ ఏడాదంతటా పరచుకుంటాయి కాబట్టి, ‘రోజువారీ సగటు’ ప్రతిదీ ఇంచుమించు ఏడాది సగటే అవుతుంది. రోహిణి కార్తె ఎండలూ, సంక్రాంతి ముందరి చలీ గ్రాఫులోంచి చెరిగిపోతాయి. మాత్రిక కొలతలు సరిగ్గానే ఉంటాయి, విలువలూ నమ్మదగినవిగానే కనిపిస్తాయి, ఎర్రర్ మాత్రం రాదు. నమ్‌పై రీషేప్‌లో ఆర్డర్ అనే ఆర్గ్యుమెంటుకు ‘ఎఫ్’ (ఫోర్ట్రాన్ క్రమం) ఇవ్వడమో, 365, 24గా మలిచి ట్రాన్స్‌పోజ్ చేయడమో, అంటే అడ్డు, నిలువు వరుసలను తారుమారు చేయడమో దీనికి పరిష్కారం.

సైన్, ఎక్స్‌పొనెన్షియల్ వంటి, మూలకం వెంట మూలకానికి వర్తించే ఫంక్షన్ల వరకు ఆ సలహా పనిచేస్తుందని ఒప్పుకోవాలి. మిగిలిన చోట్ల 1 నుంచి 6 వరకు సంఖ్యలున్న రెండు అడ్డు వరుసల, మూడు నిలువు వరుసల మాత్రికను రెండింటిలోనూ నడిపి, ప్రతి దశ ఫలితాన్నీ పోల్చాలి. చతురస్ర మాత్రికను ఎంచుకుంటే అడ్డు, నిలువు తారుమారైనా కొలతల్లో తేడా తెలియదు. పోలికకు సమాన చిహ్నం కాక, విలువలు దాదాపు సమానమా అని చూసే నమ్‌పై ఫంక్షన్ ఆల్‌క్లోజ్ వాడాలి. కూడే క్రమం మారితే దశాంశాల చివరి అంకెలు సహజంగానే కాస్త తేడాగా వస్తాయి.