ఫిబ్రవరి కాదు మహాప్రభో, ఏప్రిల్!

ఇది తెలుగులో రాయడానికి కారణం ఒక్కటే, మా కమిటీలో ఎవరికీ తెలుగు రాదు. ఇంగ్లీషులో రాసి ఉంటే ఈపాటికి మా క్లర్క్ పెద్దావిడ ఫోన్ చేసి "ఓ రెండు నిమిషాలు మౌనంగా కూర్చుందామా" అనేది. (క్లర్క్ అంటే గుమాస్తా కాదు. క్వేకర్లని, మౌనంగా కూర్చుని ప్రార్థించే క్రైస్తవ శాఖ ఒకటుంది, వాళ్ళ లెక్కలో సభ నడిపే మనిషి.) నాకిప్పుడు మౌనం వద్దు. అరవాలనుంది.

కొత్తగా ఫాలో అవుతున్నవాళ్ళ కోసం చెప్తున్నా. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాకి పడమర, చెస్టర్ కౌంటీలో ఒక చిన్న సొసైటీ నడుపుతున్నాం. ఇక్కడి క్వేకర్ల పాత మినిట్స్ పుస్తకాలు (సభల్లో ఏం జరిగిందో రాసుకున్నవి), పెళ్ళి సర్టిఫికెట్లు, ఉత్తరాలు, ఫోటోలు పాడవకుండా చూడటం మా పని. జీతం సున్నా. ఏడుగురం ఉన్నాం. నాకు యాభై రెండేళ్ళు, అందరిలోకీ చిన్నదాన్ని నేనే. కాబట్టి నిచ్చెనెక్కి అట్టపెట్టెలు దించేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. నేను క్వేకర్ని కాను. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉంది, వాళ్ళకేమీ అభ్యంతరం లేదు.

ఈ పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, మ్యాప్‌లో మా సొసైటీకి ఒక స్టార్ పడి ఉంది. ఒకే ఒక్కటి. దాని కింద ఒక వాక్యం: "వీళ్ళకి క్యాలెండర్ చూడటం కూడా రాదు."

మాకు! క్యాలెండర్!

ఎవరో వెంటనే తెలిసిపోయింది. రెండు శనివారాల క్రితం వేరే రాష్ట్రం నుంచి కారేసుకుని వచ్చిన పెద్దమనిషి. చంకలో ఫైలు, ముఖం నిండా సంతోషం. ఆయన పూర్వీకుడొకాయన ఇక్కడే పుట్టాడు. పుట్టుకల రిజిస్టరు మా దగ్గర కాపీ ఉంది, తీసి చూపించాను. "2వ నెల 2వ తేదీ, 1712" అని ఉంది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బాగానే ఉంది. వచ్చే ఏడాది ఫిబ్రవరి 2న వాళ్ళ వంశం వాళ్ళంతా ఒక హోటల్లో కలుస్తున్నారట, ఎనభై మంది. టీషర్టులు అచ్చు కూడా వేయించేశారు. నాకూ ఒకటి ఇచ్చాడు. ఛాతీ మీద పూర్వీకుడి పేరు, కింద "ఫిబ్రవరి 2, 1712".

నేను నోరు మూసుకుని "చాలా బాగుందండీ" అంటే సరిపోయేది. మా ఆయన ముప్ఫై ఏళ్ళుగా నాకు చెప్తున్నది అదే. కానీ నోరు ఊరుకోదుగా. "అది ఏప్రిల్ అండీ" అన్నాను.

ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. క్వేకర్లు నెలల పేర్లు పలికేవాళ్ళు కాదు. జనవరిలో జేనస్, మార్చిలో మార్స్, అందరూ పాత రోమన్ దేవుళ్ళు, వాళ్ళ పేర్లు మేమెందుకు తలుచుకోవాలి అని ఒకటో నెల, రెండో నెల అని రాసుకున్నారు. వారాలు కూడా అంతే, ఆదివారం అంటే ఫస్ట్ డే. ఇక 1752 వరకు ఇంగ్లండ్‌లో, దాని కింద ఉన్న ఈ కాలనీల్లో, ఏడాది మొదలయ్యేది మార్చి 25న. అందుకని వాళ్ళ ఒకటో నెల మార్చి. రెండో నెల ఏప్రిల్. ఫిబ్రవరి పన్నెండో నెల. అక్టో అంటే ఎనిమిది, డిసెం అంటే పది, మార్చి నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే ఆ పేర్లు కూడా సరిపోతాయి. ఏడాది చైత్రంతో మొదలవుతుందని తెలిసిన మనకి ఇందులో వింతేముంది? ఉగాది పచ్చడి తిన్న ఏ పిల్లకైనా అర్థమవుతుంది. జనవరి ఒకటిన పుట్టిందే సంవత్సరం అనుకునేవాళ్ళకే ఈ కష్టం.

ఆయన ముఖం మాడిపోయింది. "మా అమ్మాయి వెబ్‌సైట్‌లో చూసింది, అక్కడ ఫిబ్రవరి అనే ఉంది" అన్నాడు. ఉంటుంది బాబూ. ఆ ఇండెక్స్ చేసినవాళ్ళు 2 కనబడితే ఫిబ్రవరి అని కొట్టేశారు. నేను కొత్త క్యాలెండర్ చట్టం అమలైన 1752 సెప్టెంబరు సంగతి ఇంకా ఎత్తనేలేదు. ఆ నెలలో 2వ తేదీ తర్వాత ఏకంగా 14వ తేదీ వచ్చింది, మధ్యలో పదకొండు రోజులు ఎగిరిపోయాయి. అది కూడా చెప్పి ఉంటే అక్కడే అంబులెన్స్ పిలవాల్సి వచ్చేది.

"అంతా ఆన్‌లైన్‌లో ఉంది కదా, ఇంకా మీరెందుకు?" ఈ మాట అన్నవాళ్ళందరి చేతా ఒక ఎండాకాలం మా బేస్‌మెంట్‌లో తేమ లాగే డీహ్యుమిడిఫైయర్ నీళ్ళు పారబోయించాలి. రోజూ ఒక బకెట్ నిండుతుంది. ఆన్‌లైన్‌లో ఉన్నది పైపైన గీకింది. ఆడవాళ్ళ మినిట్స్ ఎంతమంది చదివారు? క్వేకర్లలో మగవాళ్ళ సభ వేరు, ఆడవాళ్ళ సభ వేరు, ఎవరి పుస్తకం వాళ్ళది. మూడు వందల ఏళ్ళ క్రితం ఆడవాళ్ళు సొంతంగా సభ పెట్టి, సొంతంగా రాసుకున్న పుస్తకాలు! అవి అడిగినవాళ్ళు ఈ పదకొండేళ్ళలో నా వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మరి ఫోన్ మోగితే ఏమడుగుతారు? "క్వేకర్ ఓట్స్ ఫ్యాక్టరీ టూర్ ఉందా?" అని.

లేదండీ. ఆ కంపెనీకీ క్వేకర్లకీ చుట్టరికం లేదు. 1877లో ఒహాయోలో ఒక మిల్లువాళ్ళు, క్వేకర్లంటే నిజాయితీ అని జనంలో పేరుంది కదా అని ఆ బొమ్మ రిజిస్టర్ చేయించుకున్నారు. ఓట్స్ తర్వాతి ప్రశ్న "మీ ఊళ్ళో గుర్రబ్బళ్ళు ఎక్కడెక్కచ్చు?" వాళ్ళు ఆమిష్ వాళ్ళు, కార్లొద్దని గుర్రబ్బళ్ళలో తిరిగే వేరే క్రైస్తవ శాఖ, పక్క కౌంటీకి పొండి. దాని తర్వాత సమాధులు. "మా ముత్తాత ముత్తాత సమాధి చూపించండి" అని పూలగుత్తితో వస్తారు. పాత క్వేకర్లు సమాధి మీద రాయి పెట్టడమే గొప్పలకి పోవడం అనుకున్నారు. రాయి లేదు, పేరు లేదు, గడ్డి ఉంది. ఈ రాష్ట్రానికి ఎవరి ఇంటిపేరు పెట్టారో ఆ విలియం పెన్‌కే, ఇంగ్లండ్‌లో జోర్డన్స్ అనే చోట ఉన్న రాయి తర్వాతెప్పుడో సుమారుగా పెట్టింది. మీ తాతకి పాలరాయి ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?

ఇంకో రకం ఉంది. తాతని వెలివేశారని పుస్తకంలో చూసి మా మీద కేకలేసేవాళ్ళు. క్వేకర్ కాని పిల్లని చేసుకున్నాడు, వెలి. తుపాకీ పట్టాడు, వెలి. అప్పులు ఎగ్గొట్టాడు, వెలి. అంటే మన ఊళ్ళలోలాగా నీళ్ళూ నిప్పూ బంద్ కాదు, ప్రార్థనకి వచ్చి కూర్చోవచ్చు, సభ్యత్వం మాత్రం పోతుంది. ఒకావిడ ఆ పేజీ మీద వేలుపెట్టి "ఇది తీసేయండి" అంది. తీసేయండి! ఆవిడ తెచ్చిచ్చిన పెట్టె సంగతి ఇంకోటి. చిరిగిన పెళ్ళి సర్టిఫికెట్‌కి సెల్లో టేపు వేసుకొచ్చింది. పెళ్ళికి వచ్చిన ప్రతి మనిషీ సంతకం పెట్టే సర్టిఫికెట్ అది, పిల్లాపెద్దా అందరూ సాక్షులే. ఊరంతా ఒక్క కాగితం మీద ఉంటుంది. దాని మీద పచ్చబడిపోయిన సెల్లో టేపు! ఆ టేపు లాగితే సంతకాలు ఊడొస్తాయి, ఉంచితే జిగురు తినేస్తుంది. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని తెలుగులో తిట్టుకుని వచ్చాను.

ఎందుకు ఇంత ఆయాసం అంటారా? 1688లో ఇక్కడికి దగ్గర్లోనే జర్మన్‌టౌన్‌లో నలుగురు మనుషులు ఒక కాగితం రాశారు. మనుషుల్ని కొనడం అమ్మడం తప్పు, మీకు జరిగితే ఒప్పుకుంటారా అని. ఈ దేశంలో బానిసత్వాన్ని తప్పుపడుతూ రాసిన తొలి అర్జీల్లో అది ఒకటి. క్వేకర్ల పైసభలు దాన్ని "ఇది మాకు మించిన విషయం" అని ఒకరి మీద ఒకరు తోసి పక్కన పెట్టేశాయి. తర్వాత ఏమైందో తెలుసా? కాగితం పోయింది. 1844లో దొరికింది. మళ్ళీ పోయింది! 2005లో ఫిలడెల్ఫియా ఆర్చ్ స్ట్రీట్ మీటింగ్ హౌస్ (అంటే క్వేకర్ల ప్రార్థన మందిరం) వాల్ట్‌లో మళ్ళీ దొరికింది. ఎవరో పారేయలేదు కాబట్టి దొరికింది. క్వేకర్లు కూడా బానిసల్ని ఉంచుకున్నారు, 1776లో గానీ ఫిలడెల్ఫియా వాళ్ళు పూర్తిగా కాదనలేదు. అంతకు ముందే బెంజమిన్ లే అని నాలుగడుగుల గూనివాడు, 1738లో నిండు సభలో పుస్తకాన్ని కత్తితో పొడిస్తే లోపల దాచిన ఎర్రటి పళ్ళరసం చుట్టుపక్కలవాళ్ళ మీద చిమ్మింది. మీ చేతులకంటింది ఈ రక్తమే అని దాని అర్థం. ఆయన్నీ వెలివేశారు. ఆ పుస్తకాల్లో ఇదంతా ఉంది, వాళ్ళ మంచీ ఉంది, వాళ్ళ సిగ్గూ ఉంది. అందుకే నాకు వాటి మీద ప్రాణం. సిగ్గుపడేది కూడా దాచి ఉంచారు చూడండి.

"అక్కా, అందులో నీకేమైనా వస్తుందా?" ఇది మనవాళ్ళ ప్రశ్న. ప్రతి పాట్‌లక్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఏమొస్తుంది, తుమ్ములొస్తాయి. క్రిస్మస్‌కి లాంగ్‌వుడ్ గార్డెన్స్‌లో దీపాల కింద పట్టుచీరల్లో నిలబడి ఫోటోలు దిగుతారే, ఆ తోటలో మొదటి చెట్లు 1798 నుంచి నాటింది పియర్స్ అనే క్వేకర్ అన్నదమ్ములు. ఫోటో బావుంటే చాలు, చెట్టెవరు నాటితే ఏం?

అసలు మంట చెప్పేస్తాను, ఎలాగూ మొదలెట్టాను కాబట్టి. ఇక్కడ మాకో తెలుగు సంఘం ఉంది. పేరు చెప్పను, తెలిసినవాళ్ళకి తెలుసు. మొదటి ఏడాది నేను జాయింట్ సెక్రటరీని. మొదటి ఉగాదికి చేత్తో రాసిన కరపత్రం, చందాల రిజిస్టరు, పిల్లల నాటకం ఫోటోలు, గొడవపడి మరీ రాసుకున్న మినిట్స్, అన్నీ ఒక సూట్‌కేసులో సర్ది తర్వాతి కమిటీకి అప్పగించాను. ఇరవయ్యో వార్షికోత్సవానికి సావనీర్ వేద్దామని ఫోన్ చేశారు, "అక్కా, మొదటి ఏడాది ఫోటోలు నీ దగ్గరేమైనా ఉన్నాయా" అని. సూట్‌కేసు ఏదీ అన్నాను. అది తీసుకున్న కమిటీ ఆయన ఇల్లు మారుతూ గరాజ్ ఖాళీ చేశాడట. లోపలి కాగితాలు చెత్తబండికి వేశాడట. సూట్‌కేసు మాత్రం బాగుంది కదా అని ఉంచుకున్నాడట!

ఆ సూట్‌కేసు నేను పెళ్ళైన కొత్తలో ఆబిడ్స్‌లో కొన్నది.

తర్వాత సంఘం రెండు ముక్కలైంది, అది మామూలే. క్వేకర్లూ 1827లో విడిపోయారు, హిక్సైట్లని కొందరు, ఆర్థడాక్స్ అని కొందరు. ఒకే ఊళ్ళో రెండు మీటింగ్ హౌస్‌లు, ఆస్తుల కోసం కోర్టులు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఫిలడెల్ఫియాలో మళ్ళీ కలిసింది 1955లో. నూట ఇరవై ఎనిమిదేళ్ళు కొట్టుకున్నారు, కానీ కాగితాలు మాత్రం రెండు వైపులా దాచుకున్నారు. ఒక వైపువి స్వార్త్‌మోర్ కాలేజీలో, ఇంకో వైపువి హావర్‌ఫర్డ్ కాలేజీలో ఈ రోజుకీ చూడొచ్చు. మనం విడిపోయినప్పుడు పోట్లాట మైకు సెట్టు కోసం.

సరే. సాయంత్రం జూమ్‌లో కమిటీ కూర్చుంది, ఆ ఒక్క స్టార్‌కి ఏం జవాబివ్వాలా అని. నేను రెండు పేజీలు రాసుకుని వెళ్ళాను. క్యాలెండర్ చట్టం, రోమన్ దేవుళ్ళు, అన్నీ పెట్టి. చదివాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. మౌనం. మా ట్రెజరర్‌కి ఎనభై నాలుగేళ్ళు, నిద్రపోయాడేమో అనుకున్నాను. లేదు. కళ్ళు తెరిచి "ఆయన బాధ పడ్డట్టున్నాడు" అన్నాడు.

వీళ్ళ పూర్వీకులు జడ్జిని పట్టుకుని "నువ్వు" అన్న మనుషులు. అందరికీ ఒకటే పిలుపు, మీరూ గీరూ లేదు. 1670లో లండన్ కోర్టులో పెన్ తల మీద బంట్రోతు చేతే టోపీ పెట్టించి, టోపీ తీయలేదని జరిమానా వేస్తే, కట్టనని నిలబడ్డాడు పెన్. ఆ వంశం ఇప్పుడు "ఆయన బాధ పడ్డట్టున్నాడు" అంటోంది.

క్వేకర్ పద్ధతిలో ఓట్లుండవు. అందరికీ ఒప్పుకోలు కుదిరేదాకా కూర్చోవాలి. ఒప్పుకోలేకపోతే "నేను పక్కకి తప్పుకుంటున్నా" అనొచ్చు. గంటా పది నిమిషాలయ్యాక తప్పుకున్నాను, పొయ్యి మీద పప్పు ఉంది. చివరికి పెట్టిన జవాబు ఇది: "వచ్చినందుకు ధన్యవాదాలు. మళ్ళీ రండి." నా రెండు పేజీల్లోంచి మిగిలింది ధన్యవాదాలు ఒక్కటే.

ఇంతకీ ఆ టీషర్టు నా దగ్గరే ఉంది. రేపు పొద్దున ఆమ్లం లేని పెట్టె ఒకటి తీసి, టిష్యూ పేపరులో మడిచి, నంబరు వేసి లోపల పెడతాను. రిజిస్టరులో ఎలా ఎక్కించాలో కూడా రాసుకున్నాను: "టీషర్టు, నూలు, తెలుపు, ఎక్స్‌ఎల్ సైజు. కుటుంబ సమ్మేళనం కోసం వేయించినది. దాత స్వయంగా ఇచ్చారు. మీద అచ్చయిన నెల తప్పు."