ఎండబండ ఎక్కడానికి పొద్దున్నా, పొద్దెక్కాకా?

కనిగిరి చుట్టుపక్కలది గ్రానైటు నేల. పట్టుకోడానికి పగులు కూడా లేని ఏటవాలు బండను పాదాల రాపిడి మీదే ఎక్కితే దాన్ని స్లాబ్ క్లైంబింగ్ అంటారు. జనవరిలో ఆ పని ఏ పూట పెట్టుకోవాలన్నదే వాదం. పెంచలయ్యది తెల్లవారే పక్షం, మాలకొండయ్యది ఎండ పక్షం.

పెంచలయ్య: బండకు ఎండ తగిలేలోపే ఎక్కే దారిలో సగం అయిపోవాలన్నా. మనిషిని నిలబెట్టేది బూటు అడుగున ఉండే నాలుగు మిల్లీమీటర్ల రబ్బరే. చల్లగా ఉంటే అది రాతి గరుకులో అణిగి పట్టేస్తది. బండ కాలితే మెత్తబడి, సన్నటి అంచు మీద బరువెయ్యగానే పక్కకి దొర్లుద్ది. వేళ్ళకు చెమట వేరే. చెమట పీల్చడానికి రాసుకునే తెల్ల పొడి, చాక్, ఎంత రాసినా నిలవదు.

మాలకొండయ్య: మరి మంచు సంగతి చెప్పవేం అబ్బయ్యా? మనకు వానలు నవంబరు, డిసెంబరుల్లో కూడా పడతాయి. నీళ్ళు కారిన నల్ల చారలు జనవరికి కూడా పూర్తిగా ఆరవు. వాటి మీద మంచు పడితే సబ్బు మీద కాలేసినట్టే. ఎండ పడి ఆరనీ, అప్పుడు ఎక్కు.

పెంచలయ్య: ఆ చారలు ఎండలోనైనా తప్పించుకోవాల్సినవే గదా! పెద్ద బండ పగటి వేడిని రాత్రంతా పట్టి ఉంచుద్ది, దాని మీద మంచు అంతగా నిలవదు. తడి ఉండేది గడ్డిలో. గడ్డి తొక్కొచ్చిన బూటుతో ఎక్కితే జారుద్ది. బండ మొదట్లో గుడ్డ పరిచి, దాని మీదే బూట్లు మార్చుకోవాలి. అడుగున కాస్త ఉమ్మి తడి చేసి, కిర్రుమనేదాకా అరచేత్తో రుద్దాలి. మట్టి రేణువులు పోతేనే రబ్బరు రాతిని తాకుద్ది.

మాలకొండయ్య: అది మంచి పద్ధతే. కానీ కాలిఫోర్నియా ఎడారిలో, జాషువా ట్రీలో చూడు. చలికాలంలో వాళ్ళు ఎండ పడే బండనే వెతుక్కుంటారు.

పెంచలయ్య: అక్కడ గాలి పొడి, చెమట పుట్టగానే ఆరిపోద్ది. మనది సముద్రం తేమ కలిసిన గాలి. అక్కడి లెక్క ఇక్కడికి తెస్తే ఎట్లా?

మాలకొండయ్య: సరే, ఇక్కడి లెక్కే చెప్తా. కనిగిరి దాదాపు 15.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 51 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఉత్తరం వైపు తిరిగి, అంతకన్నా నిటారుగా ఉన్న బండకు ఆ వేళ కూడా ఎండ తగలదు. దక్షిణం వైపు 39 డిగ్రీల వాలు బండకైతే సూటిగా కొడతది. ముందు దిక్సూచి తీసి బండ ఎటు తిరిగిందో చూడు, తర్వాత టైము మాట్లాడదాం.

పెంచలయ్య: లెక్క ఒప్పుకుంటా. ఉత్తరపు బండకు పది గంటలకైనా వస్తా. కొండ నుంచి సగం ఊడి అంటుకుని ఉండే రాతి పలకలు, అదే పెచ్చుల సంగతి కూడా చూడాలి. కాలిఫోర్నియాలోనే ఉన్న యోసెమిటీ కొండల్లో ఒక గ్రానైటు పెచ్చును కొలిస్తే, పగటి వేడికి కొండ నుంచి దాదాపు సెంటీమీటరు దాకా ఎడం జరిగి, రాత్రికి మళ్ళీ దగ్గరికొస్తున్నట్టు తేలింది. 2016లో అచ్చయింది ఆ పరిశోధన. పట్టుకునే ముందు పిడికిలితో కొట్టాలి. డొల్లగా మోగితే దాని మీద బరువెయ్యకూడదు.

మాలకొండయ్య: కొట్టి చూడటం ఏ పూటైనా తప్పదు. అసలు జారేవాళ్ళలో ఎక్కువమంది వేడికి జారరు, భయపడి బండకు అతుక్కుపోయి జారతారు. నడుము బయటికి, మడమ కిందికి ఉంటే బరువు పాదం మీదకొస్తది. అడుగులు చిన్నవి వెయ్యాలి, అరచేతులతో కిందికి నొక్కాలి.

పెంచలయ్య: అట్లా ఎక్కినా జారతారన్నా. తాడు తగిలించడానికి రాతిలో దిగ్గొట్టిన బోల్టుకు ఐదు మీటర్లు పైన జారితే పడేది పది మీటర్ల పైనే, తాడు సాగేది అదనం. కాలిన బండ మీద అంత దూరం రాసుకుపోతే తోలు మిగలదు. అందుకే జారేటప్పుడు ముఖం బండ వైపే ఉంచి వెనక్కి అడుగులేస్తూ దిగాలి. తాడు కాలి వెనక పడితే తలకిందులు చేస్తది. దాటిపోయే బోల్టును వేలితో పట్టుకోబోతే వేలే పోద్ది.

మాలకొండయ్య: ఎండాకాలం నీకే వదిలేశా. మే మొదట్లో సూర్యుడు నడినెత్తికొస్తాడు, వాలు తక్కువున్న బండ ఎటు తిరిగినా కాలుద్ది, పొద్దుగూకినాక కూడా చల్లబడదు. జనవరి మాత్రం వదలను.

పెంచలయ్య: అయితే జనవరి ఎండలోనైనా చేతి వెనకభాగం బండకు ఆనించి ఐదు లెక్కపెట్టు. మధ్యలో చెయ్యి తీసేస్తే తాడు విప్పెయ్యాల్సిందే. ఆ రోజుకు ఎక్కేది లేదు.